ఇల్లు పిల్లల పేరున: వీలునామానా, గిఫ్ట్ డీడా?

"ఇల్లు అబ్బాయి పేరున పెడదామనుకుంటున్నాం సార్. వీలునామా సరిపోతుందా, గిఫ్ట్ చేసేయమంటారా?" మా ఆఫీసుకు వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది అడిగేది ఇదే. పక్కన ఆ అబ్బాయి ఉంటే కాసేపు బయట కూర్చోమంటాం.

ముందు ఖర్చు సంగతి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. గిఫ్ట్‌కు రెండూ తప్పవు. అయితే ఖర్చు చూసి తేల్చుకునే విషయం కాదిది.

సంతకం పెట్టాక ఇంటి మీద మాట ఎవరిది? నేనైతే ఇదొక్కటే చూస్తాను. వీలునామాను బతికున్నంత కాలం మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఆఖరున రాసిందే చెల్లుతుంది. గిఫ్ట్ రిజిస్టరై, అబ్బాయి పుచ్చుకున్నాడంటే ఇల్లు అతనిదైపోయింది. "నేను పోయేదాకా అనుభవించే హక్కు నాదేనని రాయించుకుంటాలెండి" అంటారు కొందరు. రాయించుకోవచ్చు, అద్దెలూ మీకే వస్తాయి. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన అలాంటి కేసులోనే 2014లో సుప్రీంకోర్టు ఆ గిఫ్ట్ పూర్తయినట్టేనంది. ఇచ్చినావిడ తర్వాత రాసిన రద్దు దస్తావేజు నిలబడలేదు.

సీనియర్ సిటిజన్ల చట్టం ఉంది కదా అంటారా? 2007 నాటి ఆ చట్టం 23వ సెక్షన్ కింద, పోషించాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్ళి వెనక్కి అడగొచ్చు. షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో కేసులో చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదివి, ఒక తల్లి ఇచ్చిన గిఫ్ట్‌ను రద్దు చేసింది. మంచిదే. కానీ ఆ వయసులో సుప్రీంకోర్టు దాకా తిరగడం ఎవరి తరం?

వీలునామాకూ చిక్కుంది: రాసినాయన పోయాకే తగాదా మొదలవుతుంది. ఇద్దరు సాక్షుల్లో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. మీ ఈడు స్నేహితులను సాక్షులుగా పెట్టకండి, మీకంటే చిన్నవాళ్ళను చూసుకోండి. ఆస్తి దక్కేవాడే దగ్గరుండి రాయించాడని తేలితే, రిజిస్టరైన వీలునామానైనా కోర్టు అనుమానంగానే చూస్తుంది. పంచుకోని హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మీ వాటాకు మాత్రం వీలునామాయే దారి. మిగతా వాటాదార్లు ఒప్పుకోకుండా గిఫ్ట్ ఇస్తే చెల్లదు. ముస్లిం కుటుంబాలకు లెక్క వేరు: వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతు దాటి వీలునామా చెల్లదు.

జీపీఏ, అంటే మన తరఫున పనులు చూడమని రాసిచ్చే అధికారపత్రం, చాలదా అని కూడా అడుగుతుంటారు. చాలదు, మామూలు జీపీఏ ఇచ్చిన మనిషితోనే పోతుంది. బ్యాంకు నామినీ డబ్బు తీసుకోగలడు గానీ అంతమాత్రాన వారసుడైపోడు.

కాపురముంటున్న ఇంటికి వీలునామాయే రాయమంటాను. వేరే స్థలమేదైనా ఉండి, అమ్మాయికి ఇప్పుడే అవసరమైతే దాన్ని గిఫ్ట్ చేయండి. ఇంటినే గిఫ్ట్ చేస్తామని పట్టుబడితే, పోషణ షరతు దస్తావేజులోనే ఉండాలి. దస్తావేజు లేఖరి తయారుచేసిన కాగితంలో ఆ వాక్యం ఉందో లేదో స్లాట్ బుక్ చేసేముందే చదువుకోండి.