ఫెట్ సిమ్యులేషన్లు, పట్నం బజారు బల్బులు: ఆరేళ్ల వాడకం తర్వాత

గుంటూరు శివారులో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పాఠాలకు పనికొస్తాయేమోనని రాత్రిళ్లు వెతికి దించుకున్న వాటిలో చాలావరకు నెల తిరగకుండానే వదిలేశాను. ఆరేళ్లుగా వదలనిది ఫెట్ ఒక్కటే.

ఇవి అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగాలు. అంతకు ముందు ఏడాదే ఆయనకు నోబెల్ వచ్చింది. నాకు అంతకన్నా ముఖ్యం, ఇంట్లో ఫైలు దించి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళితే బడిలో నెట్ లేకపోయినా పనిచేయడం. కొన్నింటికి తెలుగు రూపం కూడా ఉంది.

వాటిలో నేను బాగా అరగదీసింది విద్యుత్ వలయాల కిట్‌ను. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బు (ఓమ్ అంటే కరెంటుకు అడ్డుపడే నిరోధానికి కొలమానం) కలిపితే కరెంటును కొలిచే అమ్మీటర్ 0.9 ఆంపియర్లు చూపిస్తుంది. అలాంటి రెండో బల్బును శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, చేర్చగానే 0.45. మీటరును బల్బుల మధ్య పెట్టినా, చివర పెట్టినా అంతే. "మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది కదా టీచర్" అని ఏటా ఎవరో ఒకరు అంటారు. వాళ్లనే పిలిచి మీటరు జరపమంటాను. బ్యాటరీ రెండు కొసలనూ ఉత్త వైరుతో కలిపితే తెర మీద మంట లేస్తుంది. ఆ రోజు ఆఖరి బెంచీ వాళ్లు కూడా ముందుకొచ్చేస్తారు.

మొదటి రెండేళ్లు నేను వాడిన తీరే తప్పు. ముందు తెర, తర్వాత బల్బులు. పట్నం బజారులో కొన్న టార్చి బల్బులను శ్రేణిలో కలిపితే ఒకటి బాగా, ఒకటి గుడ్డిగా వెలిగాయి. తెర మీద రెండూ ఒకేలా వెలగడం చూసిన పిల్లలు దాన్నే నమ్మి, గుడ్డిది చెడిపోయిందని పక్కన పడేశారు. ఒకే పెట్టెలోవైనా బల్బుల నిరోధాలు అచ్చంగా సమానం కావు మరి.

ఇప్పుడు వరస తిప్పాను. ముందు వైరు తొక్క ఒలిచి, సెల్లుకు రబ్బరు బ్యాండు బిగించి వాళ్లే తంటాలు పడతారు. ఒకటి గుడ్డిగా వెలిగితే రెండింటి చోట్లు మార్చమంటాను. ఎక్కడ పెట్టినా ఆ బల్బే గుడ్డిగా వెలుగుతుంది. అప్పుడు తెర మీద కిట్ తెరిచి, ఒక బల్బు నిరోధాన్ని 20 ఓమ్‌లకు పెంచుతాను. శ్రేణిలో ఎక్కువ నిరోధం ఉన్నదే ఎక్కువ వెలగడం చూసి తరగతిలో గోల మొదలవుతుంది.

తెర మీద లూజు కనెక్షన్ అనేది ఉండదు. సగం పీరియడు దానికే పోయే మాకు అది వరమో లోపమో ఇంకా తేల్చుకోలేదు.

బల్బులు మాత్రం ఏటా జూన్‌లో రెండు డజన్లు కొంటూనే ఉన్నాను, సొంత డబ్బుతో.