జీడిపిక్కల లెక్కల్లో అడ్వాన్స్‌డ్ ఫిల్టర్: కొన్నేళ్లు వాడాక నా మాట

కాశీబుగ్గలో ఓ జీడి ఫ్యాక్టరీ లెక్కలు చూస్తాను. ఉద్దానం పిక్కలు దిగే సీజన్‌లో ప్రతి లోడూ ఎక్సెల్‌కి ఎక్కాల్సిందే: మండలం, 80 కిలోల బస్తాలు ఎన్ని, తేమ, రేటు, రైతుకి మనం బాకీ ఎంత. మా యజమాని అడిగేది ఏనాడూ ఒక్క షరతుతో ఆగదు. "మందస, వజ్రపుకొత్తూరు లోడ్లలో తేమ తొమ్మిది దాటినవి తియ్యి. ఎక్కడి లోడైనా సరే, బాకీ లక్ష దాటితే అదీ తియ్యి" అంటారు.

హెడింగ్ పక్కన బాణం నొక్కి పెట్టే మామూలు ఫిల్టర్‌తో ఇది అవదు. ఒక కాలమ్ లోపల 'లేదా' పెట్టుకోవచ్చు గానీ, రెండు కాలమ్‌ల మధ్య అది ఎప్పుడూ 'మరియు'గానే లెక్కేస్తుంది.

డేటా ట్యాబ్‌లో ఉండే అడ్వాన్స్‌డ్ ఫిల్టర్ నాకు నచ్చింది అందుకే. షరతులు షీటు మీదే చిన్న పట్టికలా రాస్తాం. ఒకే వరసలో ఉన్నవన్నీ కలిసి నిజం కావాలి. వరస మారితే 'లేదా'. పై ప్రశ్నకి మూడు వరసలు చాలు: మందస, తేమ >9; వజ్రపుకొత్తూరు, తేమ >9; మూడోదాంట్లో బాకీ >100000 ఒక్కటే, మిగతా గడులు ఖాళీ. పక్కనున్నవాళ్లు చూసినా ఏం అడిగామో ఇట్టే తెలుస్తుంది. నా దృష్టిలో దీని అసలు విలువ ఇదే.

చికాకులూ ఉన్నాయి. షరతుల పట్టిక హెడింగ్ అసలు హెడింగ్‌తో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. షరతుల కోసం ఎంచుకున్న గడుల్లో ఒక్క వరస పూర్తిగా ఖాళీగా మిగిలినా డేటా మొత్తం వచ్చి పడుతుంది. 'పలాస' అని రాస్తే 'పలాస-కాశీబుగ్గ' కూడా వస్తుంది, ఆ మాటతో మొదలయ్యేవన్నీ లాగుతుంది కాబట్టి. అచ్చంగా పలాసే కావాలంటే గడిలో ="=పలాస" అని కొట్టాలి. కొత్త లోడు చేరినప్పుడల్లా మళ్లీ నడపాలి కూడా.

ఆ చివరి బెడద గడిలో రాసుకునే ఫిల్టర్ (FILTER) ఫార్ములాకి లేదు. డేటాని టేబుల్‌గా మార్చి పెడితే ఫలితం దానంతటదే మారుతుంది. అయితే 2021 గానీ ఆ తర్వాతి ఎక్సెల్ గానీ, మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉండాలి. గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. ఇందులో 'మరియు'కి * గుర్తు, 'లేదా'కి + గుర్తు. యాండ్ (AND), ఆర్ (OR) ఫంక్షన్లు పెడితే పనిచేయవు, అవి కాలమ్ మొత్తానికీ కలిపి ఒకే జవాబు ఇస్తాయి. బ్రాకెట్లు మాత్రం కచ్చితంగా పెట్టండి. * ముందు లెక్క తేలుతుంది. కాబట్టి (మందస + వజ్రపుకొత్తూరు) అని చుట్టకపోతే తేమ షరతు రెండోదానికే తగులుతుంది, మందస లోడ్లన్నీ పొడివి కూడా వచ్చేస్తాయి.

రోజూ చూసే బాకీల షీటుకి ఫార్ములా వాడుతున్నాను. యజమాని అప్పటికప్పుడు అడిగే ప్రశ్నలకి మాత్రం ఇప్పటికీ అడ్వాన్స్‌డ్ ఫిల్టరే. 2016 ఎక్సెల్ ఉన్నవాళ్లు ఇంత చిన్న అవసరానికి కొత్తది కొనక్కర్లేదు.