కారు కీల సెల్లు మీరే మార్చుకునేటోళ్లు కొనే ముందు జర ఆగుండ్రి

హనుమకొండ, వరంగల్, కాజీపేట దిక్కు కారున్నోళ్లందరికీ చెప్తున్న, రిమోట్ కీల సెల్లు అయిపోయిందని, ఐదు సెల్లుల అట్ట వంద రూపాయలకే వస్తున్నదని కొనకుండ్రి, నేను కొని ఆగమైన. దుకాణం పేరు రాస్త లేను, రాసి ఏం లాభం, అదే అట్ట ఇంకో పది దుకాణాల్ల వేలాడుతనే ఉంటది, అందుకే అట్ట గుర్తులు చెప్తున్న.

అయిందేందంటే, డ్యాష్‌బోర్డు మీద కీ బ్యాటరీ తక్కువున్నదని రాసుడు మొదలైంది, ఇంతకుముందు గేటు కాడి నుంచి ఒత్తినా తెరుచుకునే డోరు ఇప్పుడు అద్దానికి ఆనిచ్చి ఒత్తితే గాని తీస్తలేదు. షోరూంల అడిగితే సెల్లు, లేబరు కలిపి 450 అన్నరు. ఇంత బిళ్లకు 450 ఆ అని నాకు మండింది. ఫోన్ల వీడియో చూసిన, రెండు నిమిషాల పని, ఇగ మనమే చేసుకుందాం అని చౌరస్తా పోయిన.

దుకాణపాయన ముందుగాల సీఆర్ 2025 తీసి చేతుల పెట్టిండు. నాది 2032 అన్న అంటే, "రెండు ఒక్కటే సార్, దాంట్ల ఇది కూసుంటది" అన్నడు. ఒక్కటి కాదు. ఆ నంబర్ల 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు, 2025 మందం 2.5, 2016ది 1.6. మూడూ 3 వోల్టులే, అడ్డం ఒక్కటే, అందుకే పైనుంచి చూస్తే ఒక్కతీరే కొడ్తయి, గని పలచటిది పెడితే లోపలి రేకు సరిగ ఆనదు, ఒకసారి పనిచేస్తది ఒకసారి చెయ్యది. ఈ సంగతి నాకు ఎరుకనే కాబట్టి 2032 ఏ కావాలని జబర్దస్తీ తీసుకున్న, తెలివిగల్లోణ్ని అనుకున్న, అసలు మోసం ఆడ లేదని తర్వాత తెల్సింది.

ఇంటికి వచ్చి విప్పిన. కీ పక్కన చిన్న లాకు జరిపితే లోపలి ఇనుప కీ బయటికి వస్తది, ఆ సందుల రూపాయి బిళ్ల పెట్టి నెమ్మదిగ తిప్పితే డబ్బ రెండు ముక్కలయితది. నేనేమో తొందరల కూరగాయల కత్తి పెట్టి ఎత్తిన, టక్కుమని ఒక క్లిప్పు ఇరిగింది, ఇప్పటికీ ఆ కీకి రబ్బరు బ్యాండు వేసుకుని తిరుగుతున్న. పాత సెల్లు తీసే ముందే ఫోటో తీసుకోండ్రి, ప్లస్ గుర్తు ఎటు దిక్కు ఉన్నదో మళ్ల యాదికి రాదు, ఒక్కో కంపెనీ కీల ఒక్కో తీరు ఉంటది.

పెట్టంగనే మంచిగనే చేసింది. పద్దెనిమిది రోజులు.

మా అమ్మ, బాపు కాశీ పోయి వస్తున్నరు, తెల్లారగట్ల నాలుగున్నరకు కాజీపేట స్టేషన్ల దిగిన్రు, రెండు సంచులు, గంగనీళ్ల డబ్బాలు, కారు కాడికి తీసుకొచ్చి బటన్ ఒత్తితే ఉలుకులేదు పలుకులేదు. ఇనుప కీ తోటి డోరు తీసిన, తీసుడే తడవుగ అలారం మొదలైంది, ఆ చీకట్ల స్టేషన్ ముందట అందరూ నన్నే చూసుడు, దొంగను చూసినట్టు. బాపు అయితే "ఏందిరా, కారు మనదేనా" అన్నడు. స్టార్ట్ బటన్ ఒత్తితే కీ దొరకలేదని చూపిస్తున్నది. ఆటో ఆయన ఒకాయన చాయ్ తాగుకుంట వచ్చి, "అన్నా, కీని తీసుకపోయి ఆ బటన్‌కే ఆనిచ్చి ఒత్తు" అన్నడు. ఒత్తిన, స్టార్ట్ అయింది! కీ లోపల ఇంకో చిప్పు ఉంటది, దానికి సెల్లు అక్కర లేదు, కారే దానికి కరెంటు ఇస్తది, చానా బటన్ స్టార్ట్ కార్లల్ల ఇదే పద్ధతి, కొన్నిట్ల బటన్ కాడ గాకుండ వేరే చోట పెట్టాలె, మీ కారు బుక్కుల రాసి ఉంటది, ఇయ్యాల్నే తీసి చూసుకోండ్రి. ఆ ఆటో అన్నకు చాయ్ పైసలు ఇస్తనంటే కూడా తీసుకోలే.

తెల్లారినంక ఆ అట్ట తీసుకుని దోస్తు మొబైల్ రిపేర్ దుకాణానికి పోయిన. వాడు మీటరు పెట్టిండు, కొత్త సెల్లు ఒట్టిగ చూస్తే 3.1 వోల్టులు చూపించింది, మంచిగనే ఉన్నదిరా అన్న. ఆగు అని చిన్న బల్బు కలిపి మళ్ల పెట్టిండు, నా కండ్ల ముందే 2.3కు పడిపోయింది. మిగిలిన మూడూ అంతే. అంటే ఊరికే ఉంటే వోల్టేజి ఉంటది, పని చెప్తే దమ్ము లేదు. అప్పుడు అట్టను సరిగ్గ చూసినం. పెద్ద కంపెనీ రంగులే, పేర్లనే ఒక అక్షరం తేడా. ఎమ్మార్పీ లేదు, తయారు చేసినోళ్ల అడ్రసు లేదు, దిగుమతి చేసినోళ్ల అడ్రసు లేదు, ఎప్పటిదాకా పనిచేస్తదో సంవత్సరం లేదు. సెల్లు మీది రాత గోరు తోటి గీకితే పోయింది. ఇయన్నీ కొనేటప్పుడే కనపడేయి, నేను రేటు ఒక్కటే చూసిన.

వాపస్ ఇయ్యబోతే దుకాణపాయన "అట్ట చింపినంక మాకు సంబంధం లేదు" అన్నడు. బిల్లు ఏదన్నడు. అడగలే కదా నేను. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉన్నది గని చేతుల కాయితం లేకుండ ఏమని చెప్పాలె. ఇరవై రూపాయల వస్తువైనా సరే బిల్లు అడగుండ్రి, ఇయ్యనంటే అక్కడ్నే అర్థం చేసుకోండ్రి.

ఇంకోటి, ఇది మా బామ్మర్దిది. వాంది పాత కారు, మడిచే కీ. నన్ను చూసి వాడు కూడా విప్పిండు, సెల్లు మార్చిండు, డోర్లు మస్తుగ తెరుచుకుంటున్నయి, గని ఇంజన్ రెండు సెకన్లు నడిచి ఆగిపోతున్నది. మెకానిక్ సెల్ఫ్ అన్నడు, పెట్రోలు పంపు అన్నడు. ఆఖరికి తెల్సిందేందంటే ఆ తీరు కీలల్ల స్టార్ట్ చేసే చిప్పు విడిగ ఉంటది, చింతగింజల సగమంత నల్లటి ముక్క, విప్పినప్పుడు జారి కింద పడ్డది, మా చెల్లె ఇల్లు ఊడిసింది. చెత్త డబ్బా ఇంకా మున్సిపాలిటీ బండికి ఎయ్యలేదు కాబట్టి బతికిపోయిండు, ఉల్లిపొట్టుల కెళ్లి ఏరుకున్నడు. కొత్త కీ చేపిచ్చి కారుకు కలపాల్నంటే వేలల్ల మాట. తెల్లబట్ట పరిచి దాని మీద విప్పుండ్రి.

పిల్లలున్న ఇండ్లల్ల అయితే ఇంకా పైలం. మా బిడ్డకు రెండేండ్లు, టేబుల్ మీద ఇడిసిపెట్టిన పాత సెల్లు దాని చేతుల కనపడ్డది, నా పాణం పోయింది. ఈ 20 మిల్లీమీటర్లది గొంతుల ఇరుక్కుంటే రెండు గంటలల్లనే లోపల కాలి పుండు పడ్తది, అయిపోయిన సెల్లు అయినా సరే. మింగిందని అనుమానం వస్తే కక్కిచ్చుడు గిట్ల చెయ్యకుండ్రి, ఇంట్ల చూసుకుంట కూసోకుండ్రి, ఎంజీఎం దవాఖాన గానీ దగ్గర ఏదుంటే అది గానీ ఉరికి ఎక్స్‌రే తీపియ్యాలె.

ఇప్పుడు నేను షోరూం కౌంటర్ల సెల్లు ఒక్కటే కొని, బిల్లు తీసుకుని, ఇంట్లనే పెట్టుకున్న. లేబరు ఇయ్యలే, ఆ పట్టుదల ఇంకా పోలే. ఆ దొంగ అట్టల మిగిలిన సెల్లులకు రెండు దిక్కులా టేపు అంటిచ్చి డబ్బాల వేసి అటక మీద పెట్టిన, కరాబైన సెల్లులు తీసుకునేటోళ్లు మన దిక్కు ఎవరైనా ఉంటే చెప్పుండ్రి, చెత్తల మాత్రం ఎయ్య.