మిద్దె తోటకి చేప ద్రావణం, మూడు నెలలు వాడాక

మార్కెట్లో చేపలు కోశాక పారేసే తలలు, పేగులు, మొప్పలకి సమానంగా బెల్లం కలిపి పులియబెట్టేదే ఈ ద్రావణం, కొందరు మీనామృతం అంటారు, సీసా మీద మాత్రం ఫిష్ అమైనో యాసిడ్ అని ఉంటుంది. చేపలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి కాబట్టి ఆకుల మీద కొడితే మొక్క త్వరగా తీసుకుంటుంది. నేను లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు కలిపి, పది రోజులకోసారి సాయంత్రం పూట కొట్టాను. ఎండిపోతుందనుకున్న కరివేపాకు మొక్క మళ్లీ చిగుళ్లేసింది, ఎంత సంతోషమేసిందో! బెండ కూడా బాగా కాసింది. టమాటాకి మాత్రం ఎక్కువైనట్టుంది, ఆకు గుబురుగా పెరిగి పూత తగ్గింది, ఇందులో నత్రజని ఎక్కువ కదా, మొగ్గ కనిపించగానే తగ్గించండి.

మొదటి సీసా వేరే షాపులో కొన్నాను, మూత తీస్తే కుళ్లు కంపు, తయారీ తేదీ కూడా లేదు, పారబోశాను. సరిగ్గా పులిసినదైతే తియ్యగా, పుల్లగా వాసనొస్తుంది. కొట్టిన రాత్రి పిల్లులు వస్తాయి, కుండీల మీద వల కప్పండి.