కోరింగలో ‘ఫారిన్ ఫ్యామిలీ బోట్ సఫారీ’కి అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

సంక్రాంతికీ వేసవి సెలవులకీ విదేశాల నుంచి దిగే చుట్టాల కోసం గోదావరి పాయల్లో ‘వైల్డ్‌లైఫ్ బోట్ సఫారీ’ అని ఒక ప్యాకేజీ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం, అక్కడి సముద్రంలోని హోప్ ఐలాండ్ దీవి, ఇంగ్లిష్ మాట్లాడే గైడు, బోటులోనే గోదావరి భోజనం, అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో ‘జంతువులు గ్యారంటీ’. మీ వాళ్లెవరైనా అక్కడి నుంచే డబ్బు పంపేద్దామని చూస్తుంటే ఒక్క రోజు ఆగమనండి. మా ఇంట్లో వాళ్లకి జరిగింది రాస్తున్నాను. ఏజెంటు పేరు మాత్రం రాయడం లేదు. గొడవ ఇంకా తేలలేదు, పైగా ఈ పేరు చెడితే రేపు ఇంకో పేరుతో గ్రూపుల్లోకి వస్తాడు. పద్ధతి తెలిస్తే పేరుతో పనిలేదు.

మా బావగారు డల్లాస్ నుంచే బుక్ చేశారు. అక్క, బావగారు, పిల్లలిద్దరు, వాళ్లతో పాటు కోనసీమ చూస్తామని వచ్చిన పక్కింటి అమెరికన్ దంపతులు, వాళ్ల ఆరేళ్ల పాప. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాటికి పెట్టుకున్నారు. మనిషికి నాలుగు వేలు, అమెరికన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఎనిమిది వేలు. సగం ముందుగా ఒక ప్రైవేటు వ్యక్తి పేరున్న యూపీఐ నంబరుకి పంపాలి. అటవీ శాఖ పర్మిషన్‌కని అందరి పాస్‌పోర్టు ఫొటోలు కూడా వాట్సాప్‌లోనే అడిగాడు.

వాడు పంపిన బ్రోచర్ ఊరొచ్చాక బావగారు నాకు చూపించారు. మొదటి బొమ్మలో పులి కాలవ ఈదుతోంది. అది బెంగాల్ వైపు మడ అడవుల్లోని సుందరబన్స్ పులి. కోరింగలో పులులు లేవు. రెండో బొమ్మలో గులాబీ రంగు రాజహంసలు, పులికాట్ సరస్సులో తీసినట్టుంది. మూడోది ఇసుకలోంచి బయటపడుతున్న తాబేలు పిల్లలు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేదే దాదాపు జనవరి నుంచి మార్చి దాకా. అదీ రాత్రిళ్లు. ఆ గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. సంక్రాంతి మధ్యాహ్నం తాబేలు పిల్లల్ని ఎక్కణ్నుంచి తెచ్చి చూపిస్తాడు?

బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) గురించీ చెప్పాలి. కోరింగకి అంత పేరు రావడానికి అదీ ఒక కారణం, నిజమే. కానీ అది రాత్రి పూట చేపల వేటకి తిరిగే జంతువు. అటవీ శాఖ వాళ్లే వాటి లెక్క తీయడానికి చెట్లకి కెమెరాలు కట్టుకుంటారు. పగలు పదింటికి ఇంజను మోత పెట్టుకుని వెళ్లి దాన్ని చూపిస్తానన్నవాడు మీ దగ్గర డబ్బు తీసుకునేది కట్టుకథకే.

వాళ్లతో పాటు నేనూ వెళ్లాను. ఏజెంటు తొమ్మిదింటికల్లా రేవులో ఉండమన్నాడు. అభయారణ్యం గేటు దగ్గరికి కాదు. యానాం నుంచి కాకినాడ వెళ్లే రోడ్డు దిగి, రొయ్యల చెరువుల గట్ల మీదుగా వెళితే వచ్చే ఒక చిన్న రేవుకి. బోర్డు లేదు, టికెట్ కౌంటరు లేదు, బాత్రూం లేదు. ఏజెంటు రానే లేదు, ఫోన్లోనే అన్నీ. బోటు పదకొండు దాటాక వచ్చింది. చేపల వేటకి వెళ్లే ఇంజను బోటే, పైన ఒక టార్పాలిన్ పరదా, లోపల ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలకి కట్టుగానీ, పట్టుకోవడానికి ఏదైనా ఊచగానీ లేవు.

లైఫ్ జాకెట్లు అడిగితే బోటువాడు ఒక గోనెసంచీ తెచ్చి కుమ్మరించాడు. జాకెట్లు మనుషుల కంటే తక్కువ. ఉన్నవాటిలో ఒకదాని జిప్పు ఉప్పు పట్టి బిగుసుకుపోయింది, ఇంకోదానికి బకిల్ ఊడిపోతే పురికొస ముడేశారు. పిల్లల సైజు ఒక్కటీ లేదు. ఆ అమెరికన్ పాపకి పెద్దవాళ్ల జాకెట్ తొడిగి తల్లి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగింది. జాకెట్ పాప చెవులు దాటి పైకి వచ్చేసింది, పాప కిందే ఉండిపోయింది. నీళ్లలో పడితే జరిగేది కూడా అదే. ఆవిడ ఏం మాట్లాడకుండా జాకెట్ తీసి మడత పెట్టి బోటువాడి చేతికిచ్చేసింది. మా అక్కకి తల కొట్టేసినట్టయింది.

‘ఇక్కడ మొలలోతు నీళ్లేనండి, ఎందుకండి జాకెట్లు’ అన్నాడు బోటు నడిపే సరంగు. గోదావరి మీద ఈ మాట అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు. 2018 జూలైలో మన ఐ.పోలవరం మండలంలోనే పశువుల్లంక దగ్గర పడవ తిరగబడి బడిపిల్లలు పోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి బయల్దేరిన టూరిస్టు బోటు కచ్చులూరు దగ్గర వరదలో మునిగింది, ఆ బోటుని కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరులోగానీ పైకి తీయలేకపోయింది. ఇవన్నీ మర్చిపోయేంత పాత సంగతులా?

బావగారు అప్పుడే వెనక్కి తిరిగిపోదామన్నారు. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. చివరికి ఆ పాప, వాళ్లమ్మ, అక్క రేవులోనే కారులో కూర్చున్నారు. జాకెట్లు సరిపడినవాళ్లం మాత్రం ఎక్కాం.

బయల్దేరాక అసలు తమాషా మొదలైంది. ఈ కాలవల్లో నీళ్లు సముద్రం మాట వింటాయి. పోటు మీదున్నప్పుడు పాయలు నిండుగా ఉంటాయి, తీసినప్పుడు బురద బయటపడుతుంది. రోజుకి సుమారు రెండు పోట్లు, ఆ వేళ రోజుకి ముప్పావు గంటకి పైగా వెనక్కి జరుగుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా ఇంకా ఎక్కువ. ఈ లెక్క అక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. మా ఏజెంటుకి మాత్రం క్యాలెండర్‌లో ఖాళీ ఉన్న వేళే పోటు. మేం కాలవలోకి వెళ్లిన కాసేపటికే నీళ్లు లాగేశాయి, బోటు అడుగు బురదలో కూర్చుంది. సరంగు గెడ కర్రతో నెట్టి నెట్టి అలిసిపోయి, ‘పోటొచ్చేదాకా ఆగాలండి బాబూ, మనం చేసేదేం లేదు’ అని బీడీ ముట్టించాడు. పాపం ఆయన తప్పు లేదు. ఆయన్ని వేళకాని వేళ పంపించింది వేరేవాళ్లు, ఆయనకి ముట్టేది రోజు కూలి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ ఇరుక్కున్నంతసేపే మేం ఏమైనా చూశాం అంటే చూశాం. ఇంజను ఆగేసరికి అడవి కదిలింది. బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చిన నల్ల మడ చెట్ల కింద, రొమ్ము దగ్గరి రెక్కల మీద ఎగబాకే చిన్న చేపలు, ఒక్క పెద్ద డెక్కతో ఊపుకుంటూ తిరిగే ఎర్ర పీతలు, నీటి కాకులు, ఒక లకుముకి పిట్ట. మా మేనల్లుడు ఫోన్ పక్కన పెట్టేసి వంగి చూస్తూ ఉండిపోయాడు. కొమ్మ అందుకోబోతే సరంగే ఆపాడు. అది తిల్ల చెట్టు, పాలు కంట్లో పడితే మంట, చూపుకే ప్రమాదం. ఈ సంగతి చెప్పాల్సిన ‘ఇంగ్లిష్ గైడు’ ఆ టైంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని రీల్స్ చూస్తున్నాడు.

నీళ్లొచ్చి బోటు తేలాక గైడుగారు నిద్ర లేచారు. ఏమీ చూపించలేదన్న మాట రాకూడదని కాబోలు, దూరంగా బురద దిబ్బ మీద వాలిన పిట్టల గుంపు మీదికి బోటు ఫుల్ స్పీడులో తోలించి, ఈలలు వేసి లేపాడు. ‘సార్, వీడియో, వీడియో’ అని కేకలు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి, నీళ్లు తీసిన ఆ కాసేపే తిండి ఏరుకునే పక్షులవి. అభయారణ్యంలో జంతువుల్ని, పక్షుల్ని ఇలా వేధించడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అమెరికన్ ఆయన ముఖం తిప్పుకున్నాడు. ‘మీ ఊళ్లో ఇది మామూలేనా’ అని బావగారిని అడిగాడట తర్వాత. హోప్ ఐలాండ్ ఊసే లేదు. అడిగితే ‘ఇవాళ పర్మిషన్ లేదండి’.

ఇక భోజనం. ప్యాకేజీలో ‘స్పెషల్ పులస పులుసు’ అని ఉంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత అమెరికా దాకా వెళ్లిపోయింది కాబట్టి ఆ పేరు వేస్తే చాలు ఎన్నారైలు పడిపోతారని వాడి లెక్క. పులస దొరికేది గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు, ఆషాఢ శ్రావణాల్లో. సముద్రంలోని ఇలస వరదనీటికి ఎదురీదుతూ నదిలోకి వస్తేనే దానికి ఆ రుచి, ఆ ధర. జనవరిలో పులస పులుసు అన్నవాడితో ఇంకేం మాట్లాడతాం. డబ్బాలో వచ్చింది చెరువు చేప, అదీ చల్లారిపోయి.

తిరిగొచ్చాక మిగతా సగం కట్టమన్నారు. బావగారు కట్టనన్నారు. ఏజెంటు ఫోన్లో మొదట బతిమాలాడు, తర్వాత ‘మీ పాస్‌పోర్టులు మా దగ్గరున్నాయి సార్’ అన్నాడు. ఉన్నవి ఫొటోలే, కానీ ఆ మాటతో ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. అందుకే చెబుతున్నా, పాస్‌పోర్టు ఫొటోలు ఇలాంటివాళ్లకి పంపకండి. తప్పనిసరైతే ‘ఫలానా బోటు టికెట్ కోసం మాత్రమే’ అని తేదీతో సహా ఫొటో మీద అడ్డంగా రాసి పంపండి.

‘ఫారిన్ రేటు’ సంగతి చాలామందికి తెలియదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లకి అభయారణ్యాలు, జాతీయ పార్కులు, మ్యూజియంల ప్రవేశ రుసుము మనతో సమానమే, కేంద్రం నోటిఫికేషనే ఉంది. మా అక్క పిల్లలిద్దరికీ ఓసీఐ కార్డులున్నాయి. వాళ్ల దగ్గర రెట్టింపు లాగింది పూర్తిగా ఏజెంటు జేబులోకే. మీ వాళ్లని కార్డు వెంట పెట్టుకు రమ్మనండి, గేటు దగ్గర అడిగితే చూపించాలి.

ఇంత చెప్పి కోరింగకి వెళ్లొద్దనడం లేదు. 1978లో అభయారణ్యం చేసిన చోటు, మడ అడవులతో కలిపి 235 చదరపు కిలోమీటర్ల పైనే, ఇంటికింత దగ్గర్లో ఉండి చూపించకపోతే మనదే లోటు. యానాం, కాకినాడల మధ్య మెయిన్ రోడ్డుకి దగ్గర్లోనే అటవీ శాఖ వాళ్ల ప్రవేశ ద్వారం ఉంది. అక్కడ మడ చెట్ల మధ్య నుంచి వెళ్లే చెక్క వంతెన ఉంది. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి నన్నడిగితే బోటు కంటే అదే మేలు. బోటు ఎక్కాలనుకుంటే ముందు రోజే అక్కడికి ఫోన్ చేసో మనిషిని పంపో, రేపు పోటు ఎన్నింటికి, బోట్లు తిరుగుతాయా అని కనుక్కోండి. నీళ్లు నిండి, తీయడం మొదలయ్యే వేళకి వెళితే బోటూ ఇరుక్కోదు, బురద దిబ్బలు తేలేకొద్దీ పక్షులూ దిగుతాయి. అది పొద్దున్నే కలిసొస్తే అదృష్టం ఉంటే నీటికుక్కలూ కనిపిస్తాయి. వలస పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు. హోప్ ఐలాండ్‌కి అనుమతి ఉందని నోటి మాటగా చెబితే నమ్మకండి, కాగితం చూపించమనండి.

బోటు ఎవరిదైనా సరే, రిజిస్ట్రేషన్ నంబరు పక్కన రాసుందా, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో ఉందా, సరంగుకి లైసెన్సు ఉందా అని అడగండి. అడిగితే కోపమొచ్చినవాడి బోటు ఎక్కకండి. పిల్లలకి జాకెట్ తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే అది పనికిరాదు. డ్రోను తెచ్చుకునే చుట్టాలకి ముందే చెప్పండి, విదేశీ డ్రోన్ల దిగుమతి మీద 2022 నుంచి నిషేధం ఉంది, ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. ‘డ్రోన్ షూట్ మేం చూసుకుంటాం’ అని కూడా ఆ బ్రోచర్‌లో ఉంది మరి.

ఇప్పటికే డబ్బు కట్టి ఇరుక్కున్నవాళ్లు చాట్‌లు, యూపీఐ రసీదు, బ్రోచర్ చెరిపేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. డబ్బు పంపాక నంబరు స్విచాఫ్ అయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. బావగారు డల్లాస్ వెళ్లిపోయారు కానీ ఫిర్యాదు ఇచ్చే వెళ్లారు. ఇదే బ్రోచర్, పులి బొమ్మతో సహా, మీకు ఎవరికైనా వచ్చి ఉంటే కింద చెప్పండి, మా ఫిర్యాదుకి జత చేస్తాం.