విట్నీ వ్యూకి 40, పప్పు వాసనకి 150

కాలిఫోర్నియాలో కొండల కింద ఉన్న లోన్ పైన్ అనే ఊరికి తప్పకుండా వెళ్లండి. గది తీసుకునేటప్పుడు మాత్రం ‘వ్యూ’ అన్న మాటకి ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకండి. ఆ ఊళ్లో మెయిన్ స్ట్రీట్‌లో ఎక్కడ నిలబడినా కొండలు ఊరికే కనబడతాయి.

మా నాన్నది తెనాలి. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ని స్కూలు ఎగ్గొట్టి చూసిన బ్యాచ్. కృష్ణ పుట్టిన బుర్రిపాలెం పక్కనే కాబట్టి కౌబాయ్ అంటే ఆయనకి ఊళ్లో కుర్రాడే. ఈ ఏప్రిల్‌లో ఇర్వైన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ‘రైడ్ లోన్‌సమ్’ అనే హాలీవుడ్ కౌబాయ్ సినిమా చూపించాను. 1959 నాటిది, 73 నిమిషాలు. హీరో ర్యాండాల్ఫ్ స్కాట్, నిర్మాత హ్యారీ జో బ్రౌన్ ఇద్దరూ తమ పేర్లు కలిపి పెట్టుకున్న రానౌన్ అనే సొంత సంస్థలో తీశారు, కొలంబియా విడుదల చేసింది. సినిమా నిండా బండలు, గుర్రాలు, దుమ్ము. అయిపోగానే నాన్న కథ గురించి ఏమీ అనలేదు. “ఆ రాళ్లు ఎక్కడివిరా?” అన్నారు. లోన్ పైన్ పక్కనున్న అలబామా హిల్స్ అనే గుట్టలవి, నాలుగైదు గంటల దూరం అన్నాను. మర్నాడే లీవు పెట్టించారు.

అమ్మ మోకాళ్ల నొప్పులని రాలేదు. మామిడికాయ పప్పు, పులిహోర కట్టిచ్చింది. దారి గురించి చెప్పడానికేం లేదు, మొజావే దాటేదాకా నాన్న నిద్రపోయారు.

ఇక మోటెల్. రాత్రికి 189 డాలర్లు. కౌంటర్ దగ్గర కుర్రాడు ఇంకో 40 ఇస్తే మౌంట్ విట్నీ కనబడే గది ఇస్తానన్నాడు. నాన్న ముఖం చూసి రెండు రాత్రులకీ ఒప్పుకున్నాను. తెర తీస్తే ముందు చెత్త డబ్బాలు, వాటి మీదుగా పెద్ద కొండ. సరేలే, కొండైతే ఉంది కదా అని నాన్న ఫొటో తీసి తెనాలి స్నేహితులందరికీ ‘అమెరికాలో ఎత్తైన శిఖరం’ అని వాట్సాప్‌లో పంపేశారు. అలాస్కాలో విట్నీ కంటే ఎత్తైనవి ఉన్న సంగతి నేను ఎత్తలేదు.

మర్నాడు ఊరికి దక్షిణాన 395, 136 రోడ్లు కలిసే చోట ఉన్న విజిటర్ సెంటర్‌కి వెళ్లాం. అక్కడి ఆవిడ ఫొటో చూసి నవ్వేసింది. అది లోన్ పైన్ పీక్, 12,949 అడుగులు. దగ్గరగా ఉండటం వల్ల అదే పెద్దదనిపిస్తుంది. అసలు విట్నీ, 14,505 అడుగులది, దానికి కుడివైపు వెనగ్గా, సూదుల్లాంటి శిఖరాల పక్కన చిన్నగా కనబడుతుంది. మా కిటికీలోంచి అది కనబడాల్సిన చోట పక్క షెడ్డు కప్పు ఉంది. తిరిగొచ్చి కౌంటర్‌లో అడిగితే “రెండూ కొండలే కదా” అన్నాడు కుర్రాడు. నాన్న పంపిన మెసేజ్ వెనక్కి తీసుకోలేక మిగతా రోజంతా ముభావంగా ఉన్నారు.

అంతటితో పోలేదు. రాత్రి ఎనిమిదిన్నరకే హోటళ్లు మూస్తున్నారని గదిలోనే పప్పు మైక్రోవేవ్‌లో వేడి చేసుకున్నాం. చెక్ అవుట్ అయ్యాక కార్డు మీద 150 డాలర్లు పడ్డాయి, వాసన పోగొట్టడానికట! తాలింపు పెట్టి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. పెట్టలేదు. వాళ్ల మైక్రోవేవ్, వాళ్ల గిన్నె, రెండు నిమిషాలు.

రెండో రోజు పొద్దున్న ఆరింటికి అలబామా హిల్స్‌లో మాత్రం రూపాయి ఖర్చు లేదు. ఊళ్లోంచి విట్నీ పోర్టల్ రోడ్డు పట్టుకుని మూడు మైళ్లు పోకముందే కుడివైపు మూవీ రోడ్డు వస్తుంది. మట్టి రోడ్డే గానీ మామూలు కారు చాలు. పొద్దున్నే వెళ్లాలి. సూర్యుడు తూర్పున లేచి కొండల ముఖం మీద పడతాడు, వెనక సియెర్రా పర్వతాలు గులాబీ రంగు, ముందు గోధుమ రంగు గుండ్రటి బండలు. మధ్యాహ్నం తర్వాత వెలుగు కొండల వెనక్కి పోయి, ఫొటోలు మసిబారినట్టు వస్తాయి. ఆ సూది శిఖరాలూ ఈ గుండ్రాళ్లూ ఒకే జాతి గ్రానైట్ అంటే నాన్న నమ్మలేదు.

1920 నుంచి ఇక్కడ వందల సినిమాలు తీశారు. 1939లో వచ్చిన ‘గంగా దీన్’ కోసం ఈ రాళ్లనే మన వాయవ్య సరిహద్దుగా చూపించారు. ఊళ్లోని వెస్టర్న్ సినిమా మ్యూజియం అందుకే చూడాలి, ముందు అది చూసి తర్వాత రాళ్ల దగ్గరకి వెళితే ఇంకా మంచిది. మేం తిరగేసి చేశాం.

నాన్న ఒక బండెక్కి, నడుం మీద చెయ్యి వేసి, కళ్లు చిట్లించి నిలబడ్డారు. అరగంట దిగలేదు. పులిహోర అక్కడే తిన్నాం. రెండు రోజుల్లో అదే మంచి భోజనం.

వెళ్లేవాళ్లు పెట్రోల్ ముందే నింపుకోండి, మాకు దారిలో గ్యాలన్ 6.39 పడింది. గది కిటికీలేని చవకదైనా పర్లేదు. అన్నం వేడి చేసుకోవచ్చా అని ముందే రాయించుకోండి.

నూటయాభై గురించి బ్యాంకుకి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. నాన్న తెనాలి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే పిల్లలెలా ఉన్నారని కూడా అడగడం లేదు. “ఆ పప్పు డబ్బులు వచ్చాయా?” అదే మొదటి మాట.