సగం ధరకు వస్తోందని ఇగ్నిషన్ కాయిల్ కొనకండి

పెట్రోల్ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. ఆన్‌లైన్‌లో ఇగ్నిషన్ కాయిల్, అంటే పెట్రోల్‌ను అంటించే స్పార్క్ ప్లగ్గుకు కరెంటు పంపే భాగం, సగం ధరకు కనిపిస్తే తొందరపడి ఆర్డర్ పెట్టకండి. నేను పెట్టి, అమ్మానాన్నలతో రాత్రిపూట హైవే మీద చాలా భయపడ్డాను.

రెండు నెలల క్రితం బండికి పికప్ తగ్గింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వణికేది. మా మెకానిక్ స్కానర్ పెడితే పీ0303 అనే కోడ్ వచ్చింది, అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోల్ సరిగ్గా అంటుకోవడం లేదన్నమాట. ఆయన వెంటనే కొత్త పార్టు తెమ్మనలేదు. రెండు, మూడు సిలిండర్ల కాయిల్స్ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపి, బండి నడిపి చూశారు. ఈసారి పీ0302 వచ్చింది. కాయిల్ ఎటు వెళ్తే కోడ్ అటే వెళ్లింది కాబట్టి పోయింది కాయిలేనని తేలింది. కోడ్ కదలకపోతే ప్లగ్గో, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరో చూడాలి. మా బండికైతే కాయిల్ తీయడానికి విప్పాల్సింది ఒక బోల్టు, ఒక కనెక్టర్, అంతే. ఈ పరీక్ష చేయకుండా కాయిల్ మార్చాలంటే ఒప్పుకోకండి.

షోరూమ్‌లో ధర 2,800. ఆన్‌లైన్‌లో అదే కంపెనీ పేరుతో, అదే పార్టు నంబర్‌తో 1,200. తెప్పించి వేయించాను. మూడు వారాలు బాగానే నడిచింది.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ నందిగామ దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే బండి లాగడం మానేసింది. చెక్ ఇంజిన్ లైటు కొట్టుకోవడం మొదలైంది. ఆ లైటు నిలకడగా వెలగడం వేరు, కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటోందంటే కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోతోందని, అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడైపోవచ్చని అర్థం. వెంటనే పక్కకు ఆపాలి. అమ్మానాన్నలను చీకట్లో రోడ్డు మీద దింపలేక నెమ్మదిగా ఊరు చేర్చాను. అది తప్పే.

మర్నాడు ఆటోనగర్‌లో మెకానిక్ నా పాత కాయిల్, ఈ కొత్తది పక్కపక్కన పెట్టారు. కొత్తది చేతికే తేలిగ్గా తెలుస్తోంది. పాతదాని మీద నంబర్ ప్లాస్టిక్‌లోనే అచ్చుగా ఉంది, దీని మీద స్టిక్కర్, గోటితో గీకితే లేచొచ్చింది. కాయిల్‌ను ప్లగ్గుకు కలిపే రబ్బరు బూటు అప్పటికే పగిలిపోయింది. కాయిల్ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. లోపల ఇన్సులేషన్ నాసిరకమైతే చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, ఇంజిన్ బాగా వేడెక్కాక చేతులెత్తేస్తుంది. అందుకే షెడ్డులో స్టార్ట్ చేసి చూస్తే ఏమీ తెలియదు. ప్లగ్గుల గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు కూడా బాగా పెరిగి ఉంది, దానివల్ల కాయిల్ మీద భారం పడుతుందట. ఈసారి ఒరిజినల్ కాయిల్‌తో పాటు నాలుగు ప్లగ్గులూ మార్పించాను.

అమ్మినవాళ్లను అడిగితే ‘మీ మెకానిక్ సరిగ్గా బిగించలేదు’ అన్నారు. రిటర్న్ గడువు అప్పటికే దాటిపోయింది. డబ్బాలో జీఎస్టీ బిల్లు కూడా లేదు, ఆరోజే అనుమానించాల్సింది. మీరు కొంటే బిల్లు మీద పార్టు నంబర్ రాయించుకోండి, పాత కాయిల్ ఇంటికి తెచ్చుకోండి, పోల్చి చూడటానికి పనికొస్తుంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఆ నకిలీ కాయిల్, డబ్బా రెండూ దాచి ఉంచాను.